డైరెక్టర్ గారి మానిటరు లోతు

మూడో నంబరు కౌంటర్‌లో గుమాస్తా ఏడుస్తున్నాడు.

కిటికీ బయట నిలబడ్డ యాళ్ల పోలయ్య కంగారు పడిపోయాడు. కరప దగ్గర తన చేనుకీ పక్కవాడి చేనుకీ మధ్య ఉన్న సరిహద్దు రాయిని ఆ పక్కవాడు దుక్కి దున్నినప్పుడల్లా కాస్త కాస్త ఇవతలికి జరుపుతున్నాడనీ, ఇలాగే వదిలేస్తే అది చేను దాటి, దొడ్డి దాటి, తన మంచం కిందికి వచ్చేస్తుందనీ చెప్పుకుందామని వచ్చాడతను. ఇంకా సగం కూడా చెప్పలేదు. అప్పుడే అవతలి మనిషి బుగ్గల మీద నీళ్లు ధార కట్టాయి.

"ఊరుకోండి బాబూ, ఊరుకోండి," అన్నాడు పోలయ్య, కండువా కొస కిటికీలోంచి లోపలికి అందిస్తూ. "రాయే కదా! మనిషి పోలేదు కదా!"

"పర్లేదు పెద్దాయనా. మీరు చెప్పండి, వింటున్నాను. ఆయ్," అన్నాడు గుమాస్తా, ఆ కండువాతోనే కళ్లొత్తుకుంటూ.

పోలయ్య చెప్పదల్చుకున్నది మర్చిపోయాడు. దరఖాస్తు ఇచ్చేసి, వరండాలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకుంటూ వెళ్లాడు. "గవర్నమెంటు ఆఫీసులో మన కష్టానికి ఏడ్చే మనిషిని ఇదేనండి చూడ్డం. రాయి సంగతి తరవాత. ముందు ఆయన తేరుకోవాలి."

గుమాస్తా పేరు మట్టపర్తి చిట్టబ్బాయి. కాకినాడలోని కోస్తా సరిహద్దు రాళ్ల సంస్థలో సీనియర్ అసిస్టెంటు. చేల మధ్య హద్దు రాళ్లు పాతించడం, పాతిన రాయి పాతినచోటే ఉందని ధ్రువపత్రం ఇవ్వడం ఆ సంస్థ పని. రాయి పాతినచోట లేకపోతే ఏం చేయాలన్నది ఇంకా ఆలోచనలో ఉంది.

నిజానికి చిట్టబ్బాయి ఎవరి కోసమూ ఏడవడం లేదు. అతని బల్ల మీద ఓ ట్యూబ్ మానిటరు ఉంది. మూరెడు లోతు, పెళ్లిపందిట్లో గుండిగంత బరువు. సంస్థకి కంప్యూటర్లు వచ్చిన మొదటి రోజున వచ్చింది. ఇప్పుడు దాని తెర చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతుంది. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి దిగుతుంటాయి. దాని ముందు ఓ పావుగంట కూర్చుంటే చిట్టబ్బాయి కళ్లు ఎర్రబడతాయి. అరగంటకి కారడం మొదలెడతాయి. ఆ తరవాత ఆఫీసు మూసేదాకా ఆగవు.

కళ్ల డాక్టరు తేల్చి చెప్పేశాడు. "ఆ డబ్బా మార్పించండి. పల్చటి ఫ్లాట్ మానిటర్లు వచ్చాయి కదా, అది పెట్టించుకోండి. లేదంటే మీరు మార్చిలో కళ్ల పరీక్ష పాసవ్వరు."

మార్చి పరీక్ష అంటే ఆ సంస్థలో అందరికీ హడల్. చూపు ఆనని గుమాస్తాలను ఊరవతల రాళ్ల యార్డుకి పంపేస్తారు. అక్కడ నీడ ఉండదు, కుర్చీ ఉండదు. రాళ్లుంటాయి. ఎండలో నిలబడి వాటి మీద నంబర్లు చదవాలి. చూపు ఆననివాళ్లని చదివే పనికి ఎందుకు పంపుతారని ఎవరూ అడగలేదు. అడిగినవాళ్లు యార్డులో ఉన్నారు.

"అక్కడికి పంపిస్తే మిమ్మల్ని కూడా నంబరేసి పాతేస్తారు," అంది భార్య వెంకటరత్నం, గరిటె పట్టుకునే. "నోరు తెరిచి అడగండి. అడక్కపోతే మీకెవరిత్తారు? మీ మొహం చూసి ఇత్తారా?"

చిట్టబ్బాయి అడగాలనే నిర్ణయించుకున్నాడు. సరిగ్గా ఆ వారమే ఆఫీసు ముందు లారీ ఆగింది. దాన్నిండా ఫ్లాట్ మానిటర్లు.

*

లారీలోంచి పెట్టెలు దిగుతుంటే చిట్టబ్బాయి కళ్లలో మొదటిసారి అసలైన కన్నీళ్లు తిరిగాయి.

ఆ ఆనందం డైరెక్టర్ గారి గది తలుపు దాకా కూడా నిలవలేదు. మొదటి ఫ్లాట్ మానిటరు సహజంగానే డైరెక్టర్ దంతులూరి పృథ్వీపతిరాజు గారి బల్ల మీదికి వెళ్లింది. అది వెళ్లిన గంటలో ఓ ఘోరం జరిగింది. ఎవరో కాంట్రాక్టరు లోపలికొచ్చి, డైరెక్టర్ గారు కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

పాత ట్యూబ్ మానిటరు ఉన్నన్నాళ్లూ వచ్చినవాడికి దాని నల్లటి వీపు మాత్రమే కనబడేది. ఆ వెనకాల ఏదో పెద్ద పని జరుగుతోందన్న భయంతో నిలబడేవాడు. ఇప్పుడు పల్చటి పలక పక్కనుంచి డైరెక్టర్ గారు మొత్తం కనబడిపోతున్నారు. ఆయన చేతిలోని వేరుశనగకాయలు కూడా.

సాయంత్రానికి అత్యవసర సమావేశం. సంస్థ పరిపాలనాధికారి సోమయాజులు గారు హోదా నియమావళి పుస్తకం చేతబట్టుకుని లేచారు. ఆయన ఇంట్లో కాఫీ అడగాలన్నా ఫైలు భాషలోనే అడుగుతారని ప్రతీతి.

"అయ్యా! నియమావళి పదిహేడవ అంశమును సభ వారి దృష్టికి తేవడమైనది. 'ఏ అధికారి మానిటరు లోతు అయిననూ, తన క్రింది ఉద్యోగి మానిటరు లోతు కంటే తక్కువ కారాదు.' ప్రస్తుతము డైరెక్టరు వారి మానిటరు లోతు రెండు వ్రేళ్లు. మూడవ నంబరు కౌంటరు గుమాస్తా మానిటరు లోతు, అందరికంటె అధికముగా, మూరెడు. కావున..." ఆయన గొంతు తగ్గించారు. "కావున, లోతు ప్రకారము చూచినచో, ఈ కార్యాలయములో నేటి ఉదయము నుండి అత్యున్నతాధికారి మట్టపర్తి చిట్టబ్బాయి."

అందరూ తలుపు దగ్గర టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ చిట్టబ్బాయి వైపు తిరిగారు. కొత్తగా చేరిన డిప్యూటీ డైరెక్టరు అలవాటుకొద్దీ సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"అయితే పాత ట్యూబులే ఉంచేద్దాం," అన్నాడొక సూపరింటెండెంటు.

"కొత్తది రాగా పాతది ఎవడు ఉంచుకుంటాడండీ? మా బావమరిది ఆఫీసులో గుమాస్తాకి కూడా ఫ్లాట్ ఉంది," అన్నాడింకొకడు.

"ఫ్లాట్ పెట్టుకుంటే పరువు పల్చబడుతుంది. ట్యూబ్ పెట్టుకుంటే పాతబడుతుంది," అన్నారు డైరెక్టర్ గారు దిగులుగా.

చిట్టబ్బాయికి ఇంతకంటే మంచి అవకాశం రాదనిపించింది. ధైర్యం చేశాడు. "సార్, చిన్న మాటండి. నా ట్యూబ్ తీసేసి నాక్కూడా ఫ్లాట్ ఇచ్చేయండి. అందరిదీ రెండు వేళ్లే అయిపోద్ది. గొడవ వదిలిపోద్ది. ఆయ్."

సోమయాజులు గారు అతని వైపు జాలిగా చూశారు. "నాయనా! అందరిదీ సమానమైనచో, ఇక పరిపాలన యెక్కడ?"

చిట్టబ్బాయి టీ కప్పులు పంచేసి బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకొచ్చేసరికి వరండాలో టేకు చెక్కలు దిగుతున్నాయి. వడ్రంగి బాపన్న చెవిలో పెన్సిలు పెట్టుకుని కొలతలు తీస్తున్నాడు.

*

తీర్మానం చాలా సులువుగా జరిగిపోయిందట. అధికారుల ముందు వైపు కొత్తదనం కోసం ఫ్లాట్ ఉంటుంది. వెనక వైపు లోతు కోసం టేకుపెట్టె ఉంటుంది. దాని పేరు హోదా పెట్టె.

"ఏటండీ ఇది? లోపల ఏం పెడతారు?" అనడిగాడు బాపన్న.

"లోపల హోదా ఉండును," అన్నారు సోమయాజులు గారు.

ఇక ఎంత లోతన్నది మిగిలింది. గుమాస్తా ట్యూబు మూరెడు. సూపరింటెండెంటుకి మూరా జానెడు చాలుననుకున్నారు. సోమయాజులు గారు ఒప్పుకోలేదు. సూపరింటెండెంటుకీ గుమాస్తాకీ తేడా జానెడేనా? హోదా పెరిగినప్పుడల్లా లోతు రెట్టింపవ్వాలి. సూపరింటెండెంటుకి రెండు మూరలు, తనకు నాలుగు, డిప్యూటీకి ఎనిమిది. డైరెక్టర్ గారికి పదహారు.

ఇంకో చిక్కు వచ్చింది. మామూలు ట్యూబ్ మానిటరు వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. బాపన్న అలాగే గీసుకొచ్చాడు. సోమయాజులు గారు బొమ్మ చూసి కళ్లజోడు తీశారు. "డైరెక్టరు వారి హోదా వెనుకకు పోవుకొలదీ సన్నగిల్లుటయా? తిరగవేయుము."

బాపన్న తిరగేశాడు. పెట్టెలు ముందు మానిటరంత ఉండి, వెనక్కి వెళ్లేకొద్దీ వెడల్పవుతూ వచ్చాయి.

డిప్యూటీ డైరెక్టరు గారి పెట్టె కిటికీలోంచి బయటికి వెళ్లి, రోడ్డు మీదికి పొడుచుకొచ్చింది. ఓ టీకొట్టువాడు దాని కింద నీడ బాగుందని బడ్డీ పెట్టుకున్నాడు. సోమయాజులు గారి పెట్టె ఆయన గది తలుపుకి అడ్డం పడింది. అప్పట్నుంచీ ఆయన వంగుని లోపలికెళ్లేవారు. ఆయన గదిలోకి అందరూ వంగుని రావడం చూసి ఆయనకీ సంతోషమే కలిగింది.

డైరెక్టర్ గారి పెట్టె మాత్రం ఎదురుగోడకి తగిలి ఆగిపోయింది. ఇంకా సగం మిగిలి ఉంది.

"గోడ ప్రభుత్వమువారిదే. పెట్టెయూ ప్రభుత్వమువారిదే. కావున అభ్యంతరము లేదు," అన్నారు సోమయాజులు గారు. గోడ పగలగొట్టారు.

గోడ అవతల కౌంటర్ల హాలు. పెట్టె ఆ కన్నంలోంచి వచ్చి, రైలింజన్‌లా హాలు మధ్యకి జరిగి, మూడో కౌంటర్ మీదికి వచ్చి ఆగింది. చిట్టబ్బాయి కుర్చీ ఉండాల్సిన చోట ఇప్పుడు బీరువాలాంటి టేకు గది ఉంది.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?" అన్నాడు చిట్టబ్బాయి.

సోమయాజులు గారు పెట్టె మీద వేలితో కొట్టి చూశారు. డొల్ల శబ్దం వచ్చింది. ఆయన మొహం వెలిగింది.

"అయ్యా, నా పాత ట్యూబ్ అయినా తీసేయండి. ఆ చీకట్లో దాని ముందు కూర్చుంటే నా కళ్లు..."

"ట్యూబు లోపలనే యుండవలెను. మానిటరు లోపల ట్యూబు ఉండుట సహజమే కదా!"

బాపన్న పక్క చెక్కకి ఓ చిన్న కిటికీ కోసి, ఎదురుగా తలుపు పెట్టాడు. చిట్టబ్బాయి, అతని బల్ల, వణికే ట్యూబూ అందులోకి వెళ్లాయి. తలుపు మూశాక ఆ గుడ్డి చీకట్లో ట్యూబ్ తెర మెరుపుల వానలా కొట్టింది. ఇదివరకు అరగంటకి కారే కళ్లు ఇప్పుడు కూర్చోగానే కారడం మొదలెట్టాయి. కిటికీ దగ్గరికొచ్చిన జనం ఆ చీకట్లో వెక్కుతున్న మనిషిని చూసి చేతులెత్తి దండం పెట్టి వెళ్తున్నారు. ఒకావిడ అరటిపళ్లు కూడా పెట్టింది.

మార్చి దగ్గరపడింది. ఆ వారమే గోడ మీద కేలెండరు కనబడటం మానేసింది చిట్టబ్బాయికి.

*

కళ్ల పరీక్షకి వారం ఉందనగా ఇంకో కబురు వచ్చింది. శాఖ కార్యదర్శి మృదుల గారు తనిఖీకి వస్తున్నారు.

మృదుల గారి గురించి అందరికీ ఒకటే తెలుసు. ఆవిడ మనుషుల్ని నమ్మరు, కంప్యూటర్‌ని నమ్ముతారు. ఓ జిల్లాలో కంప్యూటరు తప్పుగా చూపిస్తే, వంతెన మీద నిలబడి వంతెన లేదని రాసి వెళ్లారని చెప్పుకుంటారు.

ఆవిడ కారు ఊళ్లోకి వచ్చిందని తెలిశాక, డైరెక్టర్ గారు మొదటిసారిగా తన మానిటరు స్విచ్చి నొక్కారు. తెర వెలగలేదు. దగ్గరికెళ్లి చూస్తే నిలువునా పగిలి ఉంది. గోడ కొట్టిన రోజున సుత్తి తగిలిందట. ఆ రోజు నుంచీ ఆయన దాని ముందు కూర్చుని సంతకాలు పెడుతూనే ఉన్నారు.

"సోమయాజులూ! కొంప మునిగింది!"

"వేరొకటి బిగించుటకు పెట్టె విప్పవలెను. పెట్టె విప్పుటకు కమిటీ వేయవలెను," అన్నారు సోమయాజులు గారు. అప్పుడే పెట్టెలోంచి చిన్న తుమ్ము వినిపించింది. పెట్టెలో టేకుపొడి ఎక్కువ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఐదు నిమిషాల్లో పగిలిన తెర ఊడదీసి, ఆ స్థానంలో పటం కట్టే అద్దం బిగించారు. పెట్టె లోపల చిట్టబ్బాయిని బోర్లా పడుకోబెట్టి, అద్దం దాకా పాకమన్నారు. చేతికి తెల్లకాగితాలు, లావుపాటి నల్ల పెన్ను, తల పైన ఓ బల్బు ఇచ్చారు. బల్బు తీగ మానిటరు స్విచ్చికి కలిపారు.

"మేడమ్ అడుగుదురు. నీవు వ్రాసి అద్దమునకు ఆనించుము. మొహము కనబడరాదు," అని సోమయాజులు గారు అద్దంలోంచి లోపలికి చెప్పారు.

"సార్, నేను మనిషినండి!"

"ఇప్పుడు కాదు."

మృదుల గారు వచ్చారు. పెట్టెని ఈ చివర నుంచి ఆ చివరకి చూశారు. స్విచ్చి నొక్కారు. తెర పచ్చగా వెలిగింది. అందులో 'నమస్కారం' అని వచ్చింది.

"కీబోర్డు అక్కర్లేదు మేడమ్. నోటితో చెబితే చాలు," అన్నారు డైరెక్టర్ గారు, చెమట తుడుచుకుంటూ.

మృదుల గారి కనుబొమలు లేచాయి. "తెలుగులోనా? సరే. ఈ జిల్లాలో హద్దు జరిగిందని ఫిర్యాదు ఉన్న రాళ్లెన్ని?"

తెర మీద 'దయచేసి ఆగండి' అని వచ్చింది. పెట్టె లోపల ఎవరో పాకుతున్నట్టు గరగర శబ్దం ట్యూబు ఉన్న అటు చివరి దాకా వెళ్లింది. మళ్లీ గరగరమంటూ ఇటు వచ్చింది. తెర మీద పడ్డ అంకె చూసి మృదుల గారు తల పంకించారు.

"మా సచివాలయంలో ఉన్నదానికంటే నయం. అది ఆగమని చెప్పదు, ఊరికే ఆగిపోతుంది."

ఇంతలో అద్దం లోపలి వైపు నుంచి ఓ నీటిబొట్టు జారింది. దాని వెనక ఇంకోటి.

"ఏమిటా నీళ్లు?"

"శీతలీకరణ వ్యవస్థ మేడమ్," అన్నారు సోమయాజులు గారు, రెప్ప వేయకుండా.

లోపల్నుంచి పెద్ద తుమ్ము వచ్చింది. టేబుల్ మీది పేపర్‌వెయిట్ కదిలింది.

"అది ధ్వని సౌకర్యం," అన్నారు డైరెక్టర్ గారు. ఆయనకి ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఆయనకే తెలీదు.

మృదుల గారు ఆనందంతో స్విచ్చి ఆపి చూశారు. తెర చీకటైపోయింది. లోపల్నుంచి సన్నగా "అయ్య బాబోయ్, కరెంటు" అని వినిపించింది. మళ్లీ వేశారు. 'నమస్కారం' అని వచ్చింది.

"అద్భుతం!" అన్నారావిడ. కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఇక అసలు ప్రశ్న. ఈ సంస్థ బాగుపడాలంటే వెంటనే చేయాల్సిన పని ఏమిటి?"

డైరెక్టర్ గారు సోమయాజులు గారి వైపు చూశారు. ఈ ప్రశ్నకి జవాబు నేర్పలేదు.

పెట్టె లోపల చిట్టబ్బాయి చేతిలో పెన్ను ఆగిపోయింది. కళ్లు మండుతున్నాయి. కాగితం రెండు కాగితాల్లా కనబడుతోంది. 'అధికారులందరూ బాగా పనిచేస్తున్నారు' అని రాస్తే ఈ గండం గడిచిపోతుంది. వచ్చే వారం తను రాళ్ల యార్డులో ఉంటాడు. ఇంకోటి రాస్తే ఈ పూటే యార్డులో ఉంటాడు. ఎలాగూ యార్డే అయినప్పుడు అడిగి పోవడం మేలనిపించింది. రత్నం గరిటె కూడా గుర్తొచ్చింది.

రాశాడు. కళ్లు మూసుకుని అద్దానికి ఆనించాడు.

'మూడో కౌంటర్ గుమాస్తాకి ఫ్లాట్ మానిటర్ ఇవ్వాలి. మార్చి లోగా. అర్జెంటు. ఆయ్.'

డైరెక్టర్ గారు పక్కనున్న బీరువా పట్టుకుని నిలబడ్డారు.

"ఆయ్ అంటే?" అన్నారు మృదుల గారు.

"కాకినాడ వెర్షన్ మేడమ్," అన్నారు డైరెక్టర్ గారు.

ఆవిడ తెర మీది మాటలు ఇంకోసారి చదివారు. తరవాత లేచారు. "చూశారా! మనిషి అయితే తనకు కావాలని అడుగుతాడు. యంత్రానికి స్వార్థం లేదు కాబట్టి ఎవరో ఓ గుమాస్తా కోసం అడిగింది. ఇక కమిటీలు వద్దు. ఇవాళే ఇవ్వండి. పదండి, ఆ గుమాస్తాని చూద్దాం."

ఆ మాట వినగానే పెట్టెలో గరగర మొదలైంది. ఆవిడ గది తలుపు దాటి, వరండా చుట్టి, హాలులోకి వచ్చేసరికి మూడో కౌంటర్ పెట్టె తలుపు భళ్లున తెరుచుకుంది. ఒళ్లంతా టేకుపొడితో, మోచేతులు కొట్టుకుపోయి, కన్నీళ్లు కారుతూ చిట్టబ్బాయి నిలబడి ఉన్నాడు.

"ఎందుకేడుస్తున్నారు?"

"ఫ్లాట్ మానిటరు ఇప్పించినందుకండి."

మృదుల గారు ఠక్కున ఆగారు. "నేనింకా మీతో చెప్పలేదే! మీకెలా తెలిసింది?"

సోమయాజులు గారు మనసులోనే తన రాజీనామా ముసాయిదా మొదలెట్టారు.

"కంప్యూటర్ చెప్పిందండి," అన్నాడు చిట్టబ్బాయి.

"అంతే కదా మరి," అన్నారు మృదుల గారు. వెళ్తూ వెళ్తూ గోడ కన్నంలోంచి వచ్చిన పెట్టె వైపు తిరిగారు. "అన్నట్టు, ఇంత మంచి కంప్యూటర్ ఉంచుకుని ఇంకా ఈ పాతకాలపు లోతు మానిటర్లేమిటి? అన్నీ తీసేయండి. అందరికీ ఫ్లాట్లు పెట్టండి."

*

పెట్టెలు విరగ్గొట్టారు. డిప్యూటీ గారిది మాత్రం ఉంచేశారు, టీకొట్టువాడు ఒప్పుకోలేదు. గోడ కన్నం పూడ్చడానికి కమిటీ వేశారు. అందుకని కన్నం అలాగే ఉంది. ట్యూబుని నలుగురు మోసుకెళ్లి గోదాములో పడేశారు. చిట్టబ్బాయి బల్ల మీద రెండు వేళ్ల మందం ఫ్లాట్ నిలబడింది. అక్షరాలు కదలకుండా, బుద్ధిగా ఉన్నాయి.

మార్చి పరీక్షలో అతను ఆఖరి వరస అక్షరాలు కూడా చదివేశాడు. డాక్టరు పేరూ, దాని కింద ప్రింటింగ్ ప్రెస్సు పేరూ కూడా చదివాడు. ఇంట్లో వెంకటరత్నం సేమ్యా పాయసం చేసింది.

ఏప్రిల్‌లో కొత్త గొడవ మొదలైంది.

పోలయ్య మళ్లీ వచ్చాడు. రాయి దొడ్డి దాటిందని చెప్పాడు. చిట్టబ్బాయి శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. టకటకా టైపు చేశాడు. పోలయ్య అతని కళ్లలోకే చూస్తూ నిలబడ్డాడు. పొడిగా ఉన్నాయి.

"ఏం బాబూ, ఒంట్లో బాగా లేదా?"

"బాగానే ఉంది పెద్దాయనా. ఇప్పుడే బాగుంది."

"మరి నేను చెప్పింది ఇన్నారా?"

"విన్నానండి. పైకి పంపేశాను. ఆయ్."

పోలయ్య మొహం మాడిపోయింది. "పెద్దోళ్లయిపోయారు బాబూ మీరు," అని గొణుక్కుంటూ వెళ్లి, వరండాలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. వారం తిరిగేసరికి మూడో కౌంటర్ గుమాస్తాకి గుండె రాయైపోయిందని ఫిర్యాదులు గంపెడయ్యాయి. జనం సంతకాలు చేసి మరీ పంపారు.

సోమయాజులు గారు చిట్టబ్బాయిని పిలిపించారు. "మూడవ కౌంటరులో తడి తగ్గినదని ప్రజలు తెలియజేయుచున్నారు. ఆ తడి ఈ సంస్థకు గల ఏకైక మంచిపేరు. కావున పాత ట్యూబును తిరిగి నీ బల్లపై నెలకొల్పుటకు ఉత్తర్వులు సిద్ధమగుచున్నవి. సోమవారము నుండి."

చిట్టబ్బాయి ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. వెంకటరత్నం పక్కనే పులుసుకి ఉల్లిపాయలు తరుగుతోంది. విషయం అంతా విని, కత్తిపీట మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఇంతోటిదానికి ట్యూబెందుకండీ?" అంది, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

చిట్టబ్బాయి ఆ కొంగు వైపు చూశాడు. ఉల్లిపాయ వైపు చూశాడు. అప్పుడు ముద్ద దిగింది.

సోమవారం ట్యూబు గోదాములోంచి బయలుదేరేలోగా మూడో కౌంటర్‌లో గుమాస్తా ఏడుస్తున్నాడు. బల్ల కింద సొరుగులో తరిగిన ఉల్లిపాయ ఒకటి. ముందు కదలని అక్షరాల ఫ్లాట్. జనం చేతులెత్తి మొక్కారు. ట్యూబుని సగం దారిలోంచే వెనక్కి పంపేశారు. ఆ కన్నీళ్లు కళ్లకి మంచివేనని డాక్టరు కూడా అన్నాడు.

అంతటితో అయిపోయేదే. కానీ ఉల్లిపాయ వాసన గోడ కన్నంలోంచి డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లింది. జనం గుమాస్తాకి మొక్కడం కూడా అదే కన్నంలోంచి ఆయనకి కనబడింది.

సాయంత్రం అత్యవసర సమావేశం. సోమయాజులు గారు నియమావళి పుస్తకంలో కొత్తగా అతికించిన కాగితం చదివారు. "ఏ అధికారి ఉల్లిపాయలు అయిననూ, తన క్రింది ఉద్యోగి ఉల్లిపాయల కంటే తక్కువ కారాదు. హోదా పెరిగినప్పుడెల్ల రెట్టింపు."

గుమాస్తాకి ఒకటి. సూపరింటెండెంటుకి రెండు. మర్నాడు పొద్దున్నే సంత నుంచి రిక్షా మీద డైరెక్టర్ గారి పదహారూ వచ్చాయి. బంట్రోతు ఒక్కోటే తరిగి పళ్లెంలో సర్ది, బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని బయటికి పరిగెత్తాడు.

పోలయ్య దరఖాస్తు తిరిగి తిరిగి ఆఖరికి డైరెక్టర్ గారి దగ్గరికే చేరింది. అతన్ని లోపలికి పిలిచారు. చిట్టబ్బాయి తన కౌంటర్ నుంచి గోడ కన్నంలోంచి చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడతనికి అంత దూరం స్పష్టంగా కనబడుతోంది.

డైరెక్టర్ గారు పల్చటి ఫ్లాట్ వెనక కూర్చుని బావురుమని ఏడుస్తున్నారు. ముక్కు చీదుతున్నారు. రెండు రుమాళ్లు తడిసిపోయాయి. సంతకం పెడదామని పెన్ను తీస్తున్నారు గానీ, కాగితం ఎక్కడుందో ఆయనకి ఆనడం లేదు.

పోలయ్య ఆ దృశ్యం చూసి కరిగిపోయాడు. కుర్చీ చుట్టూ వెళ్లి, తన కండువాతో డైరెక్టర్ గారి కళ్లు తుడిచాడు. దరఖాస్తు ఆయన చేతిలోంచి మెల్లిగా తీసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఊరుకోండి బాబూ, ఊరుకోండి. రాయే కదా! పొద్దున్న మా మంచం కోడు దాకా వచ్చింది. ఇంకెక్కడికి పోద్ది?"